అమ్మమ్మకి పంపేది ఎందుకు తగ్గించవు?

లండన్‌లో మా ఇంట్లో తిండి ఖర్చు ఇప్పుడు వారానికి 45 పౌండ్లు. నలుగురం. బియ్యం, పప్పు, పాలు, కూరగాయలు, గుడ్లు, సబ్బులతో సహా అన్నీ అందులోనే సర్దుకోవాలి. పోయిన ఆదివారం లెక్క రాసుకుంటుంటే మా పెద్దది నా భుజం మీదుగా నోట్‌బుక్‌లోకి తొంగి చూసింది. ఇయర్ ఫైవ్ చదువుతోంది, లెక్కల్లో చురుకు. పేజీ అడుగున ‘ఇండియా 150’ అని ఉంది, నెలకోసారి రాసే లెక్క. “మన ఫుడ్ తగ్గించావు. నా స్విమ్మింగ్ ఆపావు. అమ్మమ్మకి పంపేది ఎందుకు తగ్గించవు?” అంది.

విసురుగా అడగలేదు. హోంవర్క్‌లో లెక్క తేలకపోతే ఎలా అడుగుతుందో అలాగే అడిగింది. నా చిన్నప్పుడు ఈ మాట నేనని ఉంటే ‘పెద్దవాళ్ల సంగతులు నీకెందుకే’ అని అక్కడితో ఆపేసేవారు. నాకు ఆపాలనిపించలేదు. ఇంట్లో డబ్బు జాగ్రత్తగా వాడుకోవాలని పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పింది మేమే. చెప్పాక అడగకుండా ఎందుకుంటారు?

అమ్మమ్మకి బీపీ, షుగర్ మాత్రలు కొనాలన్నాను. “ఇక్కడ డాక్టర్ ఫ్రీ కదా, అక్కడ ఎందుకు కాదు?” అంది వెంటనే. ఇక్కడా ఉత్తినే రావట్లేదని అప్పుడు చెప్పాల్సొచ్చింది. అసలు మేం ఖర్చులు ఇంతగా తగ్గించుకున్నది దాని కోసమే. వచ్చే ఏడాది వీసా పొడిగించుకోవాలి. 2024 ఫిబ్రవరి నుంచి హెల్త్ సర్‌చార్జి, అంటే ఇక్కడి గవర్నమెంట్ వైద్యానికి వీసాతో పాటు కట్టే డబ్బు, పెద్దవాళ్లకి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకి 776. నలుగురికి మూడేళ్లకి 10,866 పౌండ్లు. అదీ అప్లికేషన్ పెట్టేటప్పుడే మొత్తం కట్టాలి, వీసా ఫీజు వేరే. జీతంలో టాక్సూ, నేషనల్ ఇన్సూరెన్సూ ఎలాగూ పోతూనే ఉంటాయి. మా వీసాకి ‘నో పబ్లిక్ ఫండ్స్’ షరతు ఉంది కాబట్టి పిల్లల కోసం గవర్నమెంట్ ఇచ్చే చైల్డ్ బెనిఫిట్ లాంటివి మాకు రావు. ఇవన్నీ కాగితం మీద వేసి చూపించాను. తను 10,866ని 45తో భాగించి, “టూ హండ్రెడ్ అండ్ ఫార్టీ వన్ వీక్స్ ఫుడ్!” అంది. ఆ లెక్క నేనెప్పుడూ వేసుకోలేదు. వేసుకోకపోతేనే బాగుండేది.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు మా ఇంట్లో డబ్బు ఇంతకన్నా తక్కువే. 1983లో ఎన్టీఆర్ మొదలుపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం గురించి అమ్మ ఇప్పటికీ చెబుతుంది. మాకు తెలివొచ్చేసరికి ఆ ధర పెరిగిందిగానీ, రేషన్ షాపు దగ్గర సంచులు పట్టుకుని నిలబడటం మాత్రం గుర్తుంది. వీధి వీధంతా ఆ వరసలోనే ఉండేది, మా క్లాసు పిల్లలు కూడా. అక్కడ సిగ్గుపడటానికి ఏముంది? మునక్కాయలు పక్కింటి గోడ మీంచి వచ్చేవి. చల్ల ఎవరో ఒకరు పోసేవారు.

ఇక్కడ లండన్‌లో మేముండే హారోలో ఆ మునక్కాయలే చిన్న కట్ట కొనాలన్నా ఆలోచించాల్సొస్తోంది. గోంగూర, దొండకాయ కూడా అంతే, విమానమెక్కి రావాలి మరి. చవకైనవి క్యారెట్, క్యాబేజీ, బంగాళాదుంప. క్రిస్మస్ ముందు సూపర్‌మార్కెట్లు పోటీలు పడి వీటిని 20 పెన్నీల లోపే అమ్మేస్తాయి. అప్పుడు నెల్లాళ్ల దాకా క్యారెట్ పచ్చడీ, క్యాబేజీ పప్పూ. నలభై ఐదులో ఇల్లు నడవాలంటే మన వంట తెలిసి ఉండటం నిజంగా పెద్ద బలం. కందిపప్పు పెద్ద సంచి, సోనా మసూరి పెద్ద సంచి ఒకసారి కొంటే, మిగతా వారాల్లో పాలూ, గుడ్లూ, కూరగాయలే. ఈ మాట ఎవరడిగినా ధైర్యంగా చెబుతాను.

ధైర్యంగా చెప్పలేనిది పసుపు స్టిక్కర్ల సంగతి. సాయంత్రం ఆ రోజుతో గడువు అయిపోయే సరుకులకి ధర తగ్గించి స్టిక్కర్లు వేస్తారు. షాపతను చేతిలో మెషిన్‌తో ఒక్కో ప్యాకెట్ మీదా టక్‌మని అంటిస్తుంటే నలుగురైదుగురం కాస్త దూరంగా నిలబడతాం. అతను పక్కకి జరగ్గానే చేతులు ముందుకెళతాయి. రెండు లీటర్ల పాలు దొరికితే నాకు పండగే, ఇంటికి రాగానే కాచి తోడేస్తాను. మా చిన్నోడు ‘యెల్లో, యెల్లో’ అంటూ వెతికి పెడతాడు. పెద్దది మాత్రం ఆ దరిదాపులకి రాదు. రెండు వరసల అవతల బ్రేక్‌ఫాస్ట్ సీరియల్ డబ్బాల వెనక రాసింది చదువుతున్నట్టు నిలబడి, తలుపు వైపు చూస్తూ ఉంటుంది. క్లాసు పిల్లలెవరైనా వస్తారేమోనని. సిగ్గెందుకని ఒకప్పుడు కోప్పడేదాన్ని. ఇప్పుడు ఏమీ అనను. నాకు వీధంతా తోడున్నట్టు తనకి ఎవరూ లేరు కదా.

పొదుపులో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది నేను అనుకున్నంత తేలిక కాదు. స్విమ్మింగ్ ఆపాను, ఆదివారం తెలుగు క్లాసు ఆపలేదు. ప్రైమరీ అయ్యేలోపు పిల్లలు 25 మీటర్లు ఈదగలగాలని ఇంగ్లండ్ కరికులంలోనే ఉంది, ఈత ఎలాగూ స్కూల్లో నేర్పుతారు, తెలుగు నేర్పరు, అని వాదించాను. వాదన సరైనదే అనుకుంటున్నాను. కానీ తనకి నీళ్లంటే ప్రాణం, తెలుగు ఒత్తులంటే నిద్ర. నాకు కావలసింది ఉంచి తనకి కావలసింది తీసేశాను అంటే కాదనడానికి నా దగ్గర మాట లేదు.

స్కూలు ట్రిప్పు డబ్బులూ అంతే. స్కూలు వేళల్లో ఉండే ట్రిప్పులకి అడిగేది స్వచ్ఛందమే. కట్టలేకపోయినా పిల్లల్ని వదిలేసి వెళ్లకూడదు, అది రూలు. తెలిసినవాళ్లందరికీ ఈ సంగతి నేనే చెబుతాను. నేను మాత్రం మెయిల్ రాగానే కట్టేస్తాను. మధ్యాహ్నం భోజనం బెంగ లేదు, లండన్‌లో 2023 సెప్టెంబర్ నుంచి గవర్నమెంట్ ప్రైమరీ స్కూళ్లలో పిల్లలందరికీ ఉచితం. బస్సులో పదకొండేళ్ల లోపు వాళ్లకి టికెట్ లేదు. సైన్స్ మ్యూజియం చూడటానికీ డబ్బు కట్టక్కర్లేదు. అసలు టెన్షన్ వేసవి సెలవులతోనే, ఆరు వారాలు ఇద్దరూ ఇంట్లోనే తింటారు.

మళ్లీ ఆ 150 దగ్గరికి వస్తాను. అది నేను పార్ట్‌టైమ్ పనిచేసి తెచ్చే డబ్బు. అమ్మ ఆ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పదు, కూతురి సొమ్ము తింటోందంటారని. మేం ఇక్కడికి వచ్చేటప్పుడు తన గాజులు తాకట్టు పెట్టి డబ్బిచ్చింది. ఇదీ చెప్పాను మా పెద్దదానికి. “రిటర్న్ ఇచ్చేశారా?” అంది. గాజులు ఎప్పుడో విడిపించేశాం. “మరింకా ఎందుకు?” అంది. అప్పు తీరాక కూడా పంపేదాన్ని ఏమంటారో తనకి అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. అమ్మ కాబట్టి, అన్నాను. కాసేపు ఆలోచించి, “అయితే పెద్దయ్యాక నేను మీకు పంపాలా?” అని అడిగింది.

మాకేం వద్దమ్మా, నువ్వు బాగుంటే చాలు అన్నారు వాళ్ల నాన్న. అంత తేలిగ్గా నేను అనలేకపోయాను. వద్దంటే అమ్మకి నేను పంపేది నా ఇష్టం కొద్దీ చేసే దానం అయిపోతుంది, అది దానం కాదు. పంపాలంటే పదేళ్ల పిల్ల మీద ఇప్పట్నుంచే బాకీ రాసినట్టవుతుంది. అమ్మని చూసుకోవడం నాకెవరూ చెప్పి నేర్పలేదు. చూసి నేర్చుకున్నాను. తను చూస్తున్నది మాత్రం బ్యాంక్ యాప్‌లో ఒక అంకె, ఏడాదికో రెండేళ్లకో ఓసారి కలిసే అమ్మమ్మ. ఆ మాత్రంతో తనకేం అబ్బుతుందో నాకు తెలీదు.

ఈ నెల 150 పంపేశాను. స్విమ్మింగ్ సంగతి సెప్టెంబర్‌లో చూద్దామన్నాను. అమ్మమ్మ డబ్బు ముందెందుకు, స్విమ్మింగ్ తర్వాతెందుకు అని తను మళ్లీ అడుగుతుంది. అడిగితే ఏం చెప్పాలో ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.