మళ్ళీ ఆ డీ-డైమర్

రాత్రి పన్నెండు దాటింది. రెండేళ్ళుగా వేధిస్తున్న దద్దుర్లకి ఇవాళ పెద్దగా దురద లేదు, అయినా నిద్ర రావడం లేదు. పొద్దున వచ్చిన రిపోర్టు బుర్రలో తిరుగుతూనే ఉంది.

ల్యాబ్‌లో నా పేరు మీద నాన్న నంబరే ఉంది, మార్పించడం మర్చిపోయాను. నేను ఆఫీసులో ఉండగా రిపోర్టు ఆయన ఫోనుకు వెళ్ళింది. రక్తం గడ్డకట్టడం గురించి చెప్పే డీ-డైమర్ పరీక్షలో 1180. పక్కనే 500 లోపు ఉండాలని. అంకె ఎర్రగా, లావుపాటి అక్షరాల్లో. ఒంట్లో వాపు ఉందో లేదో చూపే సీఆర్‌పీ కూడా కొంచెం ఎక్కువే, కానీ నాన్న దాన్ని చూసి ఉండరు. నాకు ఫోన్ చేయలేదు, పిన్నికి చేశారు.

పిన్ని నాకు మూడుసార్లు చేసింది. మీటింగ్ మధ్యలోంచి లేచి బయటికొచ్చి ఎత్తితే, "ఏమే, నీ రక్తం గడ్డ కడుతోందట కదా" అంది. నేను నోరు తెరిచేలోపే "వంకాయ మానెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను" అని మొదలుపెట్టింది. రెండేళ్ళుగా ఇదే పాట. వంకాయ, గోంగూర, ఎండుచేపలు, ఆఖరికి ఇడ్లీలోకి పల్లీ చట్నీ. నిరుడు మూడు నెలలు వంకాయ ముట్టలేదు. దద్దుర్లు ఒక్క రోజు కూడా తగ్గలేదు. ఆరు వారాలు దాటి ఇలా వస్తూ పోతూ ఉండే దద్దుర్లకి తిండి కారణం కావడం చాలా అరుదని డాక్టరు గారు మొదటి రోజే చెప్పారు. చాలామందిలో మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలే చర్మంలోని మాస్ట్ కణాల్ని రెచ్చగొడతాయట, అవి దురద, వాపు తెప్పించే హిస్టమిన్ వదులుతాయి. ఈ మాట పిన్నికి కనీసం పదిసార్లు చెప్పి ఉంటాను.

నాకు కోపం వచ్చింది పిన్ని మీద మాత్రమే కాదు. అసలు డాక్టరు గారు ఈ డీ-డైమర్ పరీక్ష ఎందుకు రాయాలి? దద్దుర్లకి మామూలుగా రక్తకణాల లెక్క, సీఆర్‌పీ చాలంటారు. డీ-డైమర్ అన్న మాట మా ఇంట్లో వినబడితే ఏమవుతుందో డాక్టరు గారికి తెలియదు కదా.

2021 మే నెల, కోవిడ్ రోజులు. నాన్న, పెదనాన్న ఒకే వారంలో ఆసుపత్రిలో చేరారు, వేరువేరు ఊళ్ళలో. అప్పటిదాకా మా ఇంట్లో ఎవరూ వినని డీ-డైమర్ అనే మాట ఆ పది రోజుల్లో పాలవాడి లెక్కలా రోజువారీ మాట అయిపోయింది. మా ఆయన పాత డైరీలో రెండు గళ్ళు గీశారు, ఎడమవైపు నాన్నది, కుడివైపు పెదనాన్నది. సాయంత్రం ఆరింటికి ఫోన్ మోగితే అమ్మ స్టవ్ కట్టేసి వచ్చి గుమ్మంలో నిలబడేది. నాన్నకి రక్తం పల్చబడే ఇంజెక్షన్ పొట్ట మీద ఇచ్చేవారు. ఇంటికొచ్చాక చూశాం, బొడ్డు చుట్టూ నీలం మచ్చలు, పాతవి పసుపు రంగుకి తిరిగి. ఎడమ గడిలో అంకెలు మెల్లగా దిగాయి. కుడి గడిలో నాలుగో రోజు నుంచి పెరుగుతూ పోయాయి. ఏడో రోజు తర్వాత ఆ గడి ఖాళీ. పెదనాన్న పోయిన సంగతి నాన్నకి పదకొండు రోజులు చెప్పలేదు. ఆ పదకొండు రోజులూ ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే, "అన్నయ్యకి ఇవాళ ఎంత వచ్చింది?" మేం ఏదో ఒక అంకె చెప్పేవాళ్ళం.

అలాంటి మనిషి ఫోన్‌లోకి ఆ మాట ఎర్రక్షరాల్లో వచ్చింది. నేను ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం అన్నం తినలేదు. కంచం మీద మూత అలాగే ఉంది.

డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఒక కాలు వాచిందా, పిక్క నొప్పి ఉందా, ఆయాసం ఉందా అని అడిగారు. ఏవీ లేవు. అయితే కంగారు పడొద్దన్నారు. గడ్డకట్టేటప్పుడు రక్తంలో ఫైబ్రిన్ పోగులు అల్లుకుంటాయి, ఒళ్ళే వాటిని మళ్ళీ కరిగిస్తుంది, అలా తెగిపడిన ముక్కలే డీ-డైమర్. దద్దుర్లు ఉధృతంగా ఉన్నప్పుడు ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు చర్మంలో గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే టిష్యూ ఫ్యాక్టర్‌ని బయటపెడతాయి, దాంతో గడ్డ కట్టించే త్రాంబిన్ పుడుతుంది, త్రాంబిన్ వల్ల సన్నటి రక్తనాళాల గోడలు వదులై నీరు ఊరుతుంది, దద్దురు ఇంకా ఉబ్బుతుంది. 2006 ప్రాంతంలో ఇటలీలో మిలాన్ డాక్టర్లు దీన్ని గట్టిగా పట్టుకున్నారట. ఒకపక్క కడుతుంటే ఇంకోపక్క కరుగుతూ ఉంటుంది కాబట్టి మామూలుగా కాళ్ళలో నాళాలు మూసుకుపోయేదాకా పోదు. ఈ అంకె పెరిగినవాళ్ళలో చాలామందికి అలర్జీ మాత్రలు సరిగ్గా పనిచేయవని, నాకు రోజుకి నాలుగు మాత్రలకి పెంచినా ఎందుకు తగ్గలేదో చూడ్డానికే రాశానని చెప్పారు. మాత్రలకి లొంగని దద్దుర్లకి నెలకోసారి వేసే ఒమాలిజుమాబ్ అనే ఇంజెక్షన్ గురించి వచ్చే వారం మాట్లాడతారట.

అది విన్నాక, ఆ పరీక్ష రాయకుండా ఉండాల్సిందని ఇందాక రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా దద్దుర్లు రాత్రి రెండింటికి లేస్తాయి, డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి చర్మం నున్నగా ఉంటుంది. రెండేళ్ళుగా ఫోన్‌లో ఫొటోలు చూపించి నమ్మించాల్సి వస్తోంది. టెన్షన్ తగ్గించుకో అన్నవాళ్ళే అందరూ. ఇప్పుడు కాగితం మీద అంకె ఉంది. కానీ నా మాట నమ్మనివాళ్ళు కాగితాన్ని నమ్మారంటే అది కూడా నొప్పిగానే ఉంది. పిన్ని సాయంత్రం మళ్ళీ చేసి, మొదటిసారి, "రాత్రిళ్ళు నిద్ర పడుతోందా తల్లీ" అని అడిగింది. పడడం లేదు పిన్నీ అన్నాను. అంతకంటే మాట రాలేదు.

భోజనాలయ్యాక నాన్న నా గదికొచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని చెయ్యి చూపించమన్నారు. మోచేతి కింద దద్దురు చుట్టూ నీలం పెన్నుతో గీసిన సున్నా చూసి ఇదేంటన్నారు. ఒక దద్దురు 24 గంటల్లో పోతోందా లేదా చూడమన్నారు నాన్నా, పోకుండా కమిలినట్టు మచ్చ మిగిలితే అది వేరే జబ్బు, చర్మం ముక్క తీసి చూడాలి అని చెప్పాను. ఏమీ అనలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి "రాత్రి 9.40" అని రాసుకున్నారు. నా బలవంతం మీద మజ్జిగన్నం నాలుగు ముద్దలు తిన్నారు.

ఇప్పుడు చూసుకుంటే సున్నా లోపల ఏమీ లేదు. మచ్చ కూడా లేదు, ఉత్త చర్మం. కొత్తది మణికట్టు దగ్గర లేస్తోంది. నాన్న గదిలో లైటు ఇంకా వెలుగుతోంది. వెళ్ళి చూపించి వస్తాను.