పన్ను నొప్పితో మొదలైంది

వెళ్ళింది పన్ను నొప్పికి, తెచ్చుకుంది పేగుల జబ్బు. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది.

చిగురులో చీము పట్టిందని క్లిండామైసిన్ రాశారు. ఐదో రోజు నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. ఫోన్ చేస్తే డాక్టరుగారు, "యాంటీబయాటిక్ అన్నాక మోషన్స్ మామూలేనమ్మా, ఆగడానికి ఓ మాత్ర వేసుకోండి" అన్నారు. ఆ "మామూలే" ఇంకా నా చెవిలోంచి పోలేదు. మాత్ర వేసుకున్నాను. పేగు కదలికను ఆపే మందు ఇలాంటప్పుడు వాడకూడదని తర్వాతెప్పుడో తెలిసింది.

ఆ రాత్రి పద్నాలుగు దాకా లెక్కపెట్టి మానేశాను. పొట్ట డోలులా బిగుసుకుంది, ఒళ్ళు కాలిపోతోంది. బాత్రూమ్‌లో లేవబోయి కూలబడ్డాను. బయట ఆయన "గడియ తియ్యి, గడియ తియ్యి" అంటున్నారు. గడియ జానెడు పైనే ఉంది. చెయ్యి లేవలేదు. పోతానేమో అనుకోలేదు గానీ, ఇలా పోతానా అని సిగ్గేసింది.

ఆసుపత్రి, సెలైన్, మలపరీక్ష. క్లాస్ట్రిడియాయిడీస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా అన్నారు. ల్యాబులో పెంచడం కష్టమని 1935లో ఆ "డిఫిసిల్" పేరు పెట్టారట. నా కడుపులో పెరగడానికి దానికేమీ కష్టం కాలేదు! పంటి కోసం వేసుకున్న మందు పేగుల్లోని మంచి బ్యాక్టీరియానూ ఊడ్చేస్తే, ఖాళీ దొరికి ఇది పెరిగి విషాలు వదిలిందట. దీనికి మందు? మళ్ళీ యాంటీబయాటికే. వినగానే ఏడుపొచ్చింది.

నర్సమ్మ ఇంజెక్షన్ సీసాలోని వాంకోమైసిన్ నీళ్ళలో కలిపి తాగమంది. పొరపాటు పడిందనుకుని గొడవపెట్టుకున్నాను. ఒక కుర్ర డాక్టరు వచ్చి మంచం పక్కన కూర్చుని, "నరంలోకి ఎక్కిస్తే పేగు లోపలికి చేరదండీ. జబ్బు అక్కడ కదా, అందుకే తాగిస్తున్నాం" అన్నాడు. కూర్చుని చెప్పింది అతనొక్కడే. ఆ అబ్బాయి చల్లగా ఉండాలి. మందు 125 మిల్లీగ్రాములు, రోజుకు నాలుగుసార్లు, 10 రోజులు. చేదు విషం.

తగ్గింది. పన్నెండో రోజున మళ్ళీ వచ్చింది. సుమారు ఐదుగురిలో ఒకరికి ఇలా తిరగబెడుతుందట. బ్యాక్టీరియా చచ్చినా దాని స్పోర్లు, అంటే గట్టి పెంకులో నిద్రపోయే విత్తనాల్లాంటివి, చావవు. శానిటైజర్‌కీ చావవు, చేతులు సబ్బుతో రుద్ది కడగాల్సిందే. మరి రౌండ్స్‌కి వచ్చిన పెద్ద డాక్టరు రోజూ శానిటైజరే పూసుకుని వెళ్ళేవాడు! ఇంట్లో ఆయన బ్లీచింగ్ నీళ్ళతో బాత్రూమ్ కడిగి కడిగి వేళ్ళు పొరలు లేచాయి.

ఈసారి వాంకోమైసిన్‌ను వారాల తరబడి మెల్లగా తగ్గిస్తూ ఇచ్చారు. ఇంకా తిరగబెడితే ఆరోగ్యవంతుల మలం పేగుల్లోకి ఎక్కించే వైద్యం ఉందన్నారు. "నాది ఇస్తాలే" అన్నారు ఆయన, చాలా సీరియస్‌గా. అంత అవసరం రాకుండా దేవుడు కాపాడాడు.

యాంటీబయాటిక్ వాడుతూనో, మానేశాకనో రోజుకు మూడుసార్లు నీళ్ళలా వెళ్తే మామూలే అని ఊరుకోకండి, మలపరీక్ష అడగండి.

ఆ పన్ను ఇంకా అలాగే ఉంది. వచ్చే వారం పీకించుకోవాలి. నా జబ్బు పేరు కాగితం మీద రాసి పర్సులో పెట్టారు ఆయన. గదిలోకి తనూ వస్తారట.