పతకం అంచు మీది నంబరు పట్టుకుని పటాలం ఆనవాలు తీయడం

మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ వార్ మెడల్ ఇంట్లో ఉంటే బొమ్మను వదిలి అంచు చూడండి. ఒకవైపు ఐదో జార్జి తల, వెనుక గుర్రం మీద మనిషి, 1914, 1918. ఇవి అందరికీ ఒకటే. మనిషెవరో చెప్పేది అంచే: నంబరు, హోదా, పేరు, పటాలం ఇంగ్లీషు అక్షరాల్లో గుద్ది ఉంటాయి. బ్రాసో పెట్టి తోమితే ఆ కాస్తా అరిగిపోతాయి. టార్చి లైటు పక్కనుంచి వాలుగా వేసి ఫొటో తీస్తే చాలు. ఈ గుర్రం పతకం వెండిదైతే మనిషి సిపాయి. కంచుదైతే లేబర్ కోర్ లాంటి దళాల్లో కూలీగానో, సైన్యం వెంట వెళ్ళిన పనివాడిగానో చేసినట్టు. రెక్కల దేవత ఉండే విక్టరీ మెడల్‌కు ఈ లెక్క కుదరదు, అది అందరికీ కంచుదే.

అంచు మీద 73వ కర్నాటిక్ ఇన్‌ఫంట్రీ అని ఉందనుకుందాం. చాలామంది దీన్ని కర్ణాటక పటాలం అనుకుంటారు. కాదు, ఆర్కాటు నవాబు ఏలిన సీమకు ఇంగ్లీషువాళ్ళ పేరది. ఇక 73. 1903లో సైన్యాధిపతి కిచెనర్ దేశంలోని పటాలాలన్నిటినీ ఒకే వరుసలోకి తెచ్చినప్పుడు మద్రాసు పటాలాల పాత నంబరుకు 60, బొంబాయి వాటికి 100 కలిపారు. కాబట్టి 73లోంచి 60 తీసేస్తే 13వ మద్రాస్, 1776లో పుట్టిన పటాలం. 1922లో పాత పటాలాలను కొన్నేసి చొప్పున పెద్ద రెజిమెంట్లుగా కలిపినప్పుడు అదే 3వ మద్రాస్ రెజిమెంట్ 1వ బటాలియన్ అయింది. కాగితాల్లో 1/3 అని రాస్తారు: గీతకు ముందుది బటాలియన్, తర్వాతది రెజిమెంట్.

ఈ గీత దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. 1796 నుంచి 1824 దాకా కూడా రెజిమెంటుకు రెండేసి బటాలియన్లు ఉండేవి, అప్పుడూ 2/12 అనే రాసేవారు. 1824లో ఏ బటాలియన్‌కు ఆ బటాలియన్‌ను విడదీసి కొత్త నంబర్లిచ్చారు. అందుకే గీతతో ఉన్న నంబరు కనిపిస్తే ముందు సంవత్సరం చూడాలి.

రెండో గుంట 70, 71. 11వ మద్రాసు పటాలం కూర్గ్ రైఫిల్స్‌గా మారి 71వ నంబరు మోసి, 1904లో రద్దయింది. 1917లో ఆ ఖాళీ నంబరును పంజాబీ క్రైస్తవులతో కట్టిన కొత్త పటాలానికిచ్చారు. 70 కూడా అంతే, బర్మా రైఫిల్స్‌కు పోయింది. అసలు 10వ మద్రాసేమో 1901కల్లా 10వ గూర్ఖా రైఫిల్స్ అయిపోయింది! ఇక్కడ 60 తీసివేసే లెక్క పనికిరాదు.

మనవాళ్ళు కనబడకుండా పోవడానికి కారణం వేరే. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాధిపతిగా ఉండి, ఆ తర్వాత దేశం మొత్తానికీ అధిపతైన రాబర్ట్స్‌కు దక్షిణాది సిపాయిలంటే చిన్నచూపు. కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయనే ‘వీరజాతుల’ సిద్ధాంతం కింద తెలుగు, తమిళ పటాలాల్లోకి పంజాబీలను నింపుకుంటూ వచ్చారు. నంబరు నిలిచింది, మనుషులు మారారు. బెంగాల్, అవధ్‌లలో కంపెనీ సిపాయిని ‘తిలంగా’ అనేవారంటే, ఆ తొలి సిపాయిలు ఎక్కడివాళ్ళో వేరే చెప్పాలా?

అలా మారిన పటాలాల్లో ఒకటి చూడండి: 1761లో 8వ కోస్ట్ సిపాయి బటాలియన్‌గా మొదలైంది 7వ మద్రాస్ అయింది. 1903లో 67వ పంజాబీస్, 1922లో 1/2 పంజాబ్, 1952లో 1 పారా (పారాచూట్ రెజిమెంట్ 1వ బటాలియన్). 69వ పంజాబీస్ కూడా మద్రాసు పటాలమే, ఇప్పుడు 1 గార్డ్స్ (బ్రిగేడ్ ఆఫ్ ది గార్డ్స్ 1వ బటాలియన్). పంజాబ్ రెజిమెంట్ టోపీ మీద తెడ్ల ఓడ ఉంటుంది. అయిదు నదుల నేల పటాలానికి ఓడేమిటా అనిపిస్తుంది. సముద్రం దాటి పోరాడినందుకు ఆ 69వ పటాలపు పూర్వీకులకు, అంటే మద్రాసు సిపాయిలకు, దక్కిన గుర్తు అది.

మద్రాస్ రెజిమెంట్ తన మూలాన్ని 1758లో చూపుతుంది. 9 మద్రాస్ 1704 నాటిది. కానీ అది తిరువాన్కూరు సంస్థాన పటాలం, స్వాతంత్ర్యం తర్వాత వచ్చి చేరింది. ఈ రెండు తేదీల్నీ ఒకటిగా కలపకూడదు. పైగా ఖర్చు తగ్గించే పేరుతో 1920లలో 3వ మద్రాస్ మామూలు బటాలియన్లను రద్దు చేసి, 1941లో మళ్ళీ కట్టారు. మధ్యలో టెరిటోరియల్ దళాలే పేరు నిలబెట్టాయి. వంశవృక్షంలో ఈ తెగిన చోటును చుక్కల గీతతో చూపడమే నిజాయితీ. 1 మద్రాస్ 1979లో 1 మెక్ (మెకనైజ్డ్ ఇన్‌ఫంట్రీ 1వ బటాలియన్) అయింది.

అంచు మీద 94 నుంచి 99 దాకా ఏ నంబరున్నా 93 తీసేయండి, హైదరాబాద్ కంటింజెంట్ (నిజాం ఖర్చుతో ఇంగ్లీషు అధికారులు నడిపిన సైన్యం) పాత నంబరు వస్తుంది. 94వ రస్సెల్స్ ఇన్‌ఫంట్రీ మూలం 1813 నాటి రస్సెల్ బ్రిగేడ్. 1922లో అది 1/19 హైదరాబాద్, ఇప్పుడు 3 పారా. ఆ 19వ హైదరాబాద్ రెజిమెంటే 1945 అక్టోబరు 27న పేరు మార్చుకుని కుమావూఁ రెజిమెంట్ అయింది. అందుకే తొలి పరమవీర చక్ర సోమనాథ్ శర్మ 1942లో కమిషన్ అందుకున్న పటాలం పేరు వెతికితే హైదరాబాద్ అని వస్తుంది.