శాలిహుండం వెళ్లొచ్చాను, నాన్నగారూ

నాన్నగారికి నమస్కారం.

దోహా చేరి నాలుగు రోజులైంది. శాలిహుండం నుంచి తిరిగొచ్చిన రాత్రే పెట్టె సర్దుకోవాల్సి వచ్చింది కదా. గుమ్మంలో నిలబడి "ఏం చూశావురా?" అని మీరు అడిగితే "బాగుంది నాన్నగారూ" అని ఒక్క ముక్కతో సరిపెట్టాను. మోకాళ్ల నొప్పులతో రాలేక నన్ను పంపిన మీకు నేను చెప్పింది అంతే. విమానంలో కూర్చున్నాక అదే మనసును తొలిచేసింది. అందుకే ఈ రాత్రి డ్యూటీ దిగగానే కాగితం తీశాను.

తెల్లవారుజామునే తమ్ముడి బండి తీసుకుని ముందు శ్రీకూర్మం వెళ్లాను. అమ్మ చెప్పినట్టే అర్చన చేయించాను. రెండు ధ్వజస్తంభాలకూ దండం పెట్టుకుని, తాబేళ్లకు తోటకూర వేసి బయటపడ్డాను. మనసంతా ముందున్న శాలిహుండం కొండ మీదే ఉంది.

నా తరగతి పిల్లల్ని మీరు అక్కడికి విహారయాత్రకు తీసుకెళ్లిన ఏడాది నాకు జ్వరం. ఆ సాయంత్రం మీరు నా మంచం పక్కన కూర్చుని గిడుగు రామమూర్తి గారి గురించి చెప్పారు. 1919లో ఆ బౌద్ధ క్షేత్రాన్ని వెలుగులోకి తెచ్చింది ఆయనేనని, వాడుక భాష కోసం పోరాడిన ఆ మనిషే సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ల కోసం పుస్తకాలు రాశారని చెప్పారు. మన జిల్లా వాడు అన్నప్పుడు మీ గొంతులో పలికిన గర్వం నాకింకా గుర్తుంది.

మెట్లెక్కుతుంటే చెమటలు పట్టాయి కానీ పైకి చేరగానే గాలి చల్లగా తగిలింది. ఎర్రటి ఇటుకలతో గుండ్రటి స్తూపాలు, వెనుకవైపు ఏనుగు వీపులా వంపు తిరిగిన చైత్యాలు, అంటే బౌద్ధుల ప్రార్థనా మందిరాలు. ఎక్కువ భాగం పునాదులే మిగిలాయి. కింద వంశధార. వేసవి కావడంతో ఇసుక మేటల మధ్య నీళ్లు పాయలు పాయలుగా పారుతున్నాయి.

ఒక గోడ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. మన ఇంటి ఇటుకకు రెండింతలుంది అక్కడి ఇటుక. ఒకటి విరిగి లోపలి భాగం బయటికి కనిపిస్తోంది. దగ్గరగా చూస్తే మట్టి నిండా వడ్లగింజ పొడవున సన్నని గాట్లు. మట్టిలో కలిపిన ఊక బట్టీలో కాలిపోయి, దాని అచ్చు మాత్రం మిగిలింది. నాన్నగారూ, అది ఏ రైతు కళ్లంలోని ఊకో! ఆ వంశధార నీటితోనే పండి ఉంటుంది. వేలు పెట్టి తడిమితే గరుకుగా తగిలింది. కింద మ్యూజియంలో బుద్ధుణ్ణి, బౌద్ధ దేవతలైన తారను, మారీచిని చూశాను, చక్కని శిల్పాలు. కానీ నా కళ్ల ముందు మాత్రం ఆ ఊక గాట్లే ఉన్నాయి.

అక్కడి నుంచి కళింగపట్నం దగ్గరే. దీపస్తంభం చూసి, నది సముద్రంలో కలిసే చోట చాలాసేపు నిలబడ్డాను. మీ తాతగారు రంగూను ఓడ ఎక్కింది ఇక్కడేనని మీరు చెప్పేవారు. 1942లో జపాను సైన్యం వచ్చాక ఆయన బర్మా నుంచి నడిచి ఇల్లు చేరిన కథ చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పించుకున్నానో. అప్పుడు ఆయన నడక గురించే అడిగేవాణ్ణి. ఓడ ఎక్కిన రోజు ఆయన వాళ్ల నాన్నకు ఏం చెప్పి వెళ్లారో ఎప్పుడూ అడగలేదు. మీకు తెలిస్తే రాయండి.

మెట్లు మరీ నిటారుగా లేవు. వచ్చే సెలవుకు మనిద్దరం వెళ్దాం, మధ్యమధ్య కూర్చుంటూ ఎక్కవచ్చు. మందులు మానకండి. ఆ ఇటుక ఫొటో తమ్ముడికి పంపాను. వాడి ఫోనులో పెద్దది చేయించి, కళ్లద్దాలు పెట్టుకుని చూడండి, ఎడమ అంచున గాట్లు స్పష్టంగా కనిపిస్తాయి.

మీ అబ్బాయి