బావతో కలిసి లెవెల్ ఒకటి నుంచి

డాలస్ దగ్గర పెరుగుతున్న మా అబ్బాయికి శ్రీకాకుళం అంటే చాలాకాలం పాటు ఫోన్లో వినపడే మూడు ప్రశ్నలే. తిన్నావా, ఏం తిన్నావు, ఎప్పుడొస్తావు. మూడింటికీ మర్యాదగా జవాబు చెప్పి ఫోన్ నా చేతికిచ్చేసేవాడు. అవతల మా అమ్మకి ఇంకా ఏదో అడగాలని ఉండేది, ఏం అడగాలో తెలిసేది కాదు. వాడికి తెలుగు రాదని కాదు. ఆదివారం తెలుగు బడికి వెళ్లాడు, గుణింతాలు దిద్దాడు, ఉగాదికి స్టేజీ ఎక్కి పద్యం చెప్పాడు. మాటలన్నీ ఉన్నాయి. ఆ ఊరివాళ్లతో కలిసి చేసే పని ఒక్కటీ లేదు. కలిసి చేసే పని లేకుండా, చుట్టరికం ఒక్కదాన్నే పట్టుకుని పిల్లలు ఎంతసేపు మాట్లాడగలరు? మా ఇంట్లో ఆ పనిని తెచ్చిపెట్టింది ఒక పాత ఆన్‌లైన్ ఆట.

దాని పేరు రూన్‌స్కేప్. ఇంగ్లండ్‌లో ఆండ్రూ గోవర్, పాల్ గోవర్ అనే అన్నదమ్ములు 2001 జనవరిలో మొదలుపెట్టారు. నేనూ మా తమ్ముడూ 2006 ప్రాంతంలో శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గర ఒక నెట్ సెంటర్లో ఆడేవాళ్లం. అక్కడి కంప్యూటర్లలో కొత్తవేవీ ఇన్‌స్టాల్ చేయనిచ్చేవారు కాదు. ఈ ఆటకి బ్రౌజర్ ఉంటే చాలు, డబ్బు కట్టకుండానే చాలా దూరం వెళ్లొచ్చు. ఇద్దరికీ కలిపి ఒకే ఖాతా. గంటలో సగం వాడిది, సగం నాది. నేను చేపలు పట్టి వండి పెట్టేదాన్ని. వాడు యుద్ధాలకి వెళ్లి, దెబ్బ తగిలినప్పుడల్లా అవి తిని ప్రాణం నిలబెట్టుకునేవాడు. ఒకరోజు ఎవరో వచ్చి, నీ కవచానికి బంగారు అంచు వేసి తిరిగిస్తానని నమ్మించి, తీసుకుని మాయమైపోయాడు. ఆ ఆటలో అది బాగా తెలిసిన మోసమట, మాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆ సాయంత్రం తమ్ముడు డే అండ్ నైట్ కూడలి దాకా ఒక్క మాట లేకుండా నడిచాడు.

తర్వాత నాకు పెళ్లయింది, వేరే దేశం వచ్చాను. తమ్ముడు శ్రీకాకుళంలోనే టీచరయ్యాడు. ఆట కూడా మారిపోయింది. కొత్త హంగులు నచ్చని ఆటగాళ్లు పాతదే కావాలని పట్టుబడితే కంపెనీ ఓటింగ్ పెట్టింది. 2007 ఆగస్టు నాటి ఆటని 2013 ఫిబ్రవరిలో ఓల్డ్ స్కూల్ పేరుతో మళ్లీ తెరిచింది. 2018 అక్టోబరు నుంచి అది ఫోన్లోనూ వస్తోంది. కంప్యూటర్ ముందున్నవాడూ ఫోన్ పట్టుకున్నవాడూ ఒకే లోకంలో పక్కపక్కనే నిలబడొచ్చు. మా మేనల్లుడికి ల్యాప్‌టాప్ లేదు, వాళ్ల నాన్న ఫోనే. కాబట్టి ఈ సౌకర్యం లేకపోతే మాకు ఏదీ మొదలయ్యేది కాదు.

ఒకరోజు తమ్ముడు ఫోన్ చేశాడు. "అప్పా, మన ఆట ఇంకా ఉంది. నీ మేనల్లుడు ఆడతానంటన్నాడు. ఎలాగాడాలో నువ్వే చెప్పు."

మళ్లీ తెరిచిన లోకంలో పాత లెవెళ్లు పనికిరావు. నెట్ సెంటర్లో ఎంత కష్టపడినా సరే, ఇక్కడ అందరూ మొదటి మెట్టు మీదే నిలబడాలి. ప్రాణం మాత్రం 10, మిగతా విద్యలన్నీ 1. అది మాకు మేలే చేసింది. నేను, తమ్ముడు, మేనల్లుడు, మావాడు నలుగురం ఒకే రోజు, ఒకే లెవెల్లో మొదలయ్యాం. దారులు నాకూ తమ్ముడికీ తెలుసు, అంతే తేడా.

మేం ఎంచుకున్న పద్ధతి పేరు గ్రూప్ ఐరన్‌మ్యాన్. 2021 అక్టోబరులో వచ్చింది. ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఒక జట్టు కట్టొచ్చు. బయటివాళ్లతో ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండవు, ఆటలో ఉండే పెద్ద సంతలో కొనడానికీ వీల్లేదు. కత్తి కావాలంటే జట్టులో ఎవరో ఒకరు గని తవ్వాలి, ఖనిజం కరిగించాలి, సుత్తితో కొట్టాలి. తిండి కావాలంటే ఎవరో పట్టాలి, ఎవరో వండాలి. కవచానికి అంచు వేస్తానంటూ వచ్చేవాడికి ఇవ్వాలన్నా ఇవ్వలేరు. పిల్లల్ని ఆన్‌లైన్‌లోకి పంపే తల్లిగా నాకు ముందు నచ్చింది ఆ కట్టడే. జట్టుకి ఒక ఉమ్మడి పెట్టె ఉంటుంది. మా తాతగారింటి గాదె లాంటిది, ఎవరు నింపినా అందరిదీ. దాన్ని ఒకసారికి ఒక్కరే తెరవగలరు. ఒకడు లోపల వెతుకుతుంటే ఇంకొకడు బయట ఆగాల్సిందే. "బావా, బేగి ముయ్యి!" అని మావాడు మొదటిసారి అరిచింది అక్కడే.

పనులు వాటంతటవే పంచుకుపోయాయి. తమ్ముడు గనిలో, కొలిమి దగ్గర. మేనల్లుడు యుద్ధాలకి. నేను మందుమొక్కల సాగు. నాటిన దాదాపు 80 నిమిషాలకి కోతకొస్తాయి, ఆట మూసేసినా పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఇంటి పనుల మధ్య నాకు సరిపోయింది. మావాడు చేపలు, వంట. నేను అప్పట్లో చేసిన పనే వాడికి వచ్చింది, వాడే కోరుకున్నాడు. మొదట చిన్న వలతో రొయ్యలు, తర్వాత నదిలో ట్రౌట్. ఫిషింగ్ లెవెల్ 40కి చేరాక లాబ్‌స్టర్లు. వాటికోసం పోర్ట్ సారిమ్ రేవులో 30 నాణేలిచ్చి కరంజా దీవికి ఓడ ఎక్కాలి. వండటానికి కూడా 40 కావాలి, అప్పుడైనా చాలా మాడిపోతాయి. నిప్పు మీద వండే లాబ్‌స్టర్ మాడకుండా దిగాలంటే వంట 74 దాకా రావాలి. మాడిన ప్రతిదానికీ బావ ప్రాణంలో కొంత తగ్గినట్టే కాబట్టి మావాడు పొయ్యి దగ్గర చాలా శ్రద్ధగా ఉంటాడు.

ఈ ఆటలో నాకు ఎప్పటికీ ఇష్టమైనది దాని నిదానం. ఒకటో లెవెల్ నుంచి రెండుకి 83 పాయింట్లు చాలు, నిమిషాల్లో వచ్చేస్తుంది. చివరి లెవెల్ 99కి మొత్తం 1,30,34,431 కావాలి. 92వ లెవెల్‌కి చేరినవాడు నిజానికి సగం దారిలోనే ఉంటాడు. ఇదేదో లెక్క ప్రకారం ఉందని మేనల్లుడు ఒక శనివారం కాగితం తీశాడు. దాదాపు ఏడేసి లెవెళ్లకి కావాల్సినది రెట్టింపవుతోందని వాడే కనిపెట్టి, మావాడి చేత కూడా చేయించాడు. ఒకడు తెలుగు మీడియం అలవాటు మాటల్లో, ఇంకొకడు అమెరికా బడి పద్ధతిలో, గంటసేపు వాట్సాప్ కాల్లో రెట్టింపుల గురించి వాదించుకున్నారు. ఆటలో తెలుగు అక్షరాలు పడవు, ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు టైపు చేసుకోవాలి. అందుకే కాల్ పక్కన ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. నాకు కావలసింది అదే.

వేళ మాత్రం ఒకటే కుదిరింది. శనివారం మాకు ఉదయం 8 గంటలు, వాళ్లకి సాయంత్రం 6:30. ఇక్కడ నవంబరులో గడియారాలు వెనక్కి తిప్పాక వాళ్లకి 7:30 అవుతుంది. సెలవు రోజు పదింటిదాకా లేవని పిల్లాడు ఆ ఒక్క రోజు తనే లేచి, పళ్లు తోముకుని, బావ కోసం కూర్చునేవాడు. రెండు గంటలు, మిగతా రోజుల్లో ఆట లేదు. ఈ కట్టుబాటు మా మరదలితో మాట్లాడుకుని పెట్టుకున్నది. "వదినా, పదో తరగతి పిల్లాడికి ఇప్పుడు ఆటలేటండి" అని ఆవిడ అడిగినప్పుడు నేను ఎదురు చెప్పలేదు. ఆవిడ టెన్షన్ న్యాయమైనది. శ్రీకాకుళంలో పదో తరగతి మార్కులతో ఒక పిల్లాడి దారి ఎంత మారుతుందో ఆ చదువే చదివి వచ్చిన నాకు తెలుసు. సంక్రాంతి నుంచి మార్చి పరీక్షలయ్యేదాకా నలుగురం ఆట మూసేశాం. శనివారం అదే వేళకి మావాడు పది నిమిషాలు కాల్ మాత్రం చేసేవాడు. "సాంఘికం ఎలాగ రాశావు బావా?" అని వాడు అడుగుతుంటే వంటింట్లోంచి విన్నాను. ఎవరూ అడగమని చెప్పలేదు.

వాడి మాట మారిందని ఇక్కడి స్నేహితులు నాతో అన్నారు. ఏటి, ఎలాగ, బేగి అంటున్నాడు, సరిదిద్దు, పెద్దయ్యాక నవ్వుతారు అన్నారు. నేను సరిదిద్దను. తెలుగు బడిలో నేర్చుకున్న భాష వాడికి పుస్తకం చదవడానికి ఉంది, అది పోదు. ఇది మా అమ్మ మాట్లాడేది, మా నాన్న మాట్లాడి వెళ్లిపోయినది. ఈ యాస వాడి నోట్లోకి నేను పెట్టింది కాదు, ఇన్నేళ్లు బయట బతికి నా నోట్లోంచి సగం జారిపోయింది కూడా. బావ ఇచ్చాడు. ఇంత దూరంలో ఇంతకన్నా విలువైనది వాడికి ఎవరివ్వగలరు?

మొన్న మేలో వెళ్లాం. ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలు దిగేసరికి మేనల్లుడు ప్లాట్‌ఫాం మీద ఉన్నాడు. అంతకుముందు వెళ్లినప్పుడల్లా మావాడు మొదట్లో నా వెనకే నిలబడి, తిరుగు ప్రయాణం దగ్గరపడ్డాక కాస్త మాట కలిపేవాడు. ఈసారి సంచులు కూడా ఎత్తకముందే ఇద్దరూ ఉమ్మడి పెట్టె గురించి మొదలుపెట్టారు. నేను పట్టినవన్నీ తినేశావా అని వీడు, నువ్వు మాడ్చినవి తీసేస్తే ఎన్ని మిగిలాయని వాడు. ఆ ఇంటికి మావాడు చుట్టపుచూపుగా రాలేదు. వాడు చేసిన పని మీద ఆధారపడ్డవాళ్లు, వాడు ఎప్పుడొస్తాడా అని లెక్క చూసుకున్నవాళ్లు అక్కడ ఉన్నారు.

మా అమ్మ కూడా ఫోన్లోకి తొంగి చూసింది. ఆటలో మొదట్లోనే ఒక వంటవాడికి కేకు కోసం గుడ్డు, పాలు, పిండి తెచ్చిపెట్టాలి. ఆవు దగ్గర పాలు పితికి, చేలో గోధుమ కోసి, మరలో పై అంతస్తుకెక్కి గింజ పోసి, మీట నొక్కి, కిందికి దిగి పిండి పట్టుకోవాలి. అమ్మకి చూపించడానికి మావాడు కొత్త పాత్రతో అదంతా మళ్లీ చేశాడు. "ఆ గుంటడు ఒక్కడే ఇంత పనీ సేస్తన్నాడేటి, ఇంట్లో ఎవరూ లేరా?" అని అడిగింది. తర్వాత తన చిన్నప్పుడు తిరగలి ముందు ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఎలా విసిరేవారో చెప్పింది. పిడి ఎత్తు ఎంత, గింజ ఎప్పుడు పొయ్యాలి, చెయ్యి ఎక్కడ నొప్పెడుతుంది అని వాడు వరసగా అడుగుతూనే ఉన్నాడు. భోజనాలు ఆలస్యమయ్యాయి.

ఒక సాయంత్రం తమ్ముడు మమ్మల్ని కళింగపట్నం తీసుకెళ్లాడు. వంశధార సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌస్, ఒడ్డున వరసగా లాగిపెట్టిన మరపడవలు. అన్నీ ఎందుకు ఆగిపోయాయని మావాడు అడిగాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం అని తమ్ముడు చెప్పాడు. ఆటలో చేపలుండే చోటు కాసేపటికోసారి జరుగుతుంది తప్ప ఎప్పటికీ అయిపోదు. ఇక్కడ అయిపోతాయన్న సంగతి వాడిని పట్టేసింది. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన పక్కన కూర్చుని, కన్ను ఎంత పెద్దదుండాలి, చిన్న చేపలు పడితే ఏం చేస్తారని వాడు అడగడం మొదలుపెట్టాడు. వల, గాలం, ఎర అనే మాటలు వాడికి బావ దగ్గర ముందే వచ్చు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. తన కొడుకు గుజరాత్‌లోని వెరావల్‌లో బోట్ల మీద పనికెళ్తాడని, ఇంటికి వచ్చేది కొద్ది నెలలేనని కూడా చెప్పాడు.

ఈ తీరం నుంచి అలా వెళ్లేవాళ్లు చాలామంది. 2018 నవంబరులో అలా వెళ్లిన మన మత్స్యకారులు పాకిస్తాన్‌కి చిక్కారు, వాళ్లలో ఇరవైమంది 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. తిరుగు దారిలో తమ్ముడు ఆ కథ చెప్పాడు. వల బాగుచేసుకుంటున్న ఆ తాతకి మనవలున్నారా, వాళ్లు నాన్నతో ఎప్పుడు మాట్లాడతారు, ఏం మాట్లాడతారు అని మావాడు చాలాసేపు అడిగాడు. దూరాన ఉన్నవాళ్లతో ఫోన్లో మాటలు తోచకపోవడం ఏమిటో వాడికి తెలుసు కాబట్టే ఆ ప్రశ్న వాడికి వచ్చిందని నాకు అనిపించింది. విమానం ఎక్కినవాళ్లకే ఇలాంటి దూరాలు ఉంటాయని వాడు ఇక అనుకోడు.

మేనల్లుడు ఇప్పుడు విశాఖలో ఇంటర్ చదువుతూ హాస్టల్లో ఉన్నాడు. అక్కడ ఫోన్ ఉండనివ్వరు. వాడు లేకుండా ముందుకెళ్లాలా వద్దా అని మావాడు మథనపడుతుంటే, నెలలో ఒక్కసారి ఇంటికి చేసే ఫోన్లో బావే తేల్చేశాడు, ఆపొద్దని. తమ్ముడూ నేనూ శనివారాలు వస్తూనే ఉన్నాం. పోరాడేవాడు లేడు కాబట్టి తిండి ఖర్చవడం లేదు, ఉమ్మడి పెట్టెలో లాబ్‌స్టర్లు పేరుకుంటున్నాయి. బావ దసరా సెలవులకి వచ్చేలోపు ఫిషింగ్ 76కి తేవాలని మావాడి లెక్క. షార్కులు పట్టాలంటే అంత ఉండాలి. వండటానికి 80 కావాలి, అది క్రిస్మస్ సెలవుల్లో చూసుకుంటాడట.