ఇత్తడి సిలిండర్‌కి గుండ్రదనం తెచ్చిన గీతలు: నా అనుభవం

మా బాబాయికి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షెడ్డుంది. మిర్చి తోటలకి మందు కొట్టే స్ప్రేయర్ కోసం ఆయన కొత్త రకం పంపు చేశారు. దానికి అమెరికాలో పేటెంట్ తీసుకుందామని అక్కడున్న మా తమ్ముడు పట్టుబట్టాడు. నేను గవర్నర్‌పేటలో ఒక ప్రెస్‌లో శుభలేఖలు డిజైన్ చేస్తాను కాబట్టి బొమ్మలు గీసే పని నాకు వచ్చింది.

పంపులో ముఖ్యమైన భాగం నిలువుగా ఉండే ఇత్తడి సిలిండర్. బూడిద రంగు గ్రేడియంట్ (ముదురు నుంచి లేతకి మెల్లగా మారే రంగు) వేసి, ఎంతో నున్నగా వచ్చిందనుకుని పంపాను. తిరిగొచ్చేసింది. అప్పుడు కూర్చుని అమెరికా పేటెంట్ ఆఫీసు నియమాలు చదివాను. ఎడం ఇచ్చి గీసిన గీతలతోనే షేడింగ్ చేస్తే మంచిది. అవి సన్నగా, వీలైనంత తక్కువగా ఉండాలి. వెలుగు ఎడమ పై మూల నుంచి 45 డిగ్రీల కోణంలో పడాలి. బొమ్మని మూడింట రెండు వంతులకి తగ్గించినా వివరాలు ఇరుక్కుపోకూడదు.

ఇంట్లో ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ వాడతాను. రెండు గీతలు గీసి ఇంటర్‌పొలేట్ చెయ్యమంటే మధ్యలో కావలసినన్ని గీతలు అదే వేస్తుంది. మొదటిసారి గీతలన్నీ మధ్యలో ముడేసిన చీపురుకట్టలా అడ్డంగా దాటుకున్నాయి. ఒక గీత పైనుంచి కిందికి, రెండోది కింది నుంచి పైకి గీశానన్నమాట. ఒకదాన్ని రివర్స్ చేస్తే సరిపోయింది. కానీ సిలిండర్ మాత్రం దుకాణం షట్టర్‌లా చదునుగానే ఉంది. గీతలు దట్టం చేశాను, లావు చేశాను. ఊహూ.

ఆ రాత్రి ఒక రూళ్ల కాగితం చింపి, గీతలు నిలువుగా ఉండేలా పప్పుల డబ్బాకి చుట్టి, ఒక కన్ను మూసి చూశాను. మధ్యలో గీతలు దూరదూరంగా ఉన్నాయి. అంచులకి వెళ్లేకొద్దీ దగ్గరపడుతున్నాయి. కాగితం మీద ఎడం ఎక్కడా మారలేదు, మారింది కంటికి కనిపించే ఎడం. గుండ్రదనమంతా అక్కడే ఉందని అప్పుడు తెలిసింది. ఎంత సంతోషమేసిందో!

ఇంటర్‌లో చదివిన సైన్ విలువలు బయటికి తీశాను. సిలిండర్ వ్యాసార్ధం 20 మిల్లీమీటర్లు అనుకుని, 15 డిగ్రీలకొక గీత వేస్తే మధ్య నుంచి 5.2, 10, 14.1, 17.3, 19.3 దగ్గర పడతాయి, అంచు 20 దగ్గర. అంటే ఎడం 5.2తో మొదలై 4.8, 4.1, 3.2, 2, ఆఖరికి 0.7కి తగ్గిపోతుంది. ఇంకా నున్నగా రావాలని 5 డిగ్రీలకొకటి వేసి చూశాను. అంచు పక్కనున్న ఎడం 0.08 మిల్లీమీటర్లే. నా గీత మందమే 0.25! చివరి గీతలు అంచుతో కలిసి నల్ల పట్టీ అయిపోయాయి. మళ్లీ 15కే వచ్చాను.

ఇప్పుడు గుండ్రంగా ఉంది, కానీ రెండు వైపులా ఒకేలా ఉండడంతో వెలుగు ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు. ప్రింటు తీసుకుని షెడ్డుకి వెళ్లాను. బాబాయి అసలు సిలిండర్‌ని తలుపు దగ్గర పెట్టి, వెలుగు ఎడమ నుంచి పడేలా తిప్పారు.

"చూడమ్మా, మెరుపు మధ్యలో లేదు, ఎడమ పక్కకుంది. అక్కడెందుకు గీశావు?"

ఎడమ అంచు దగ్గర రెండు గీతలుంచి, మెరుపున్న చోటంతా ఖాళీ వదిలేశాను. మధ్య దాటాక కుడివైపు ఐదూ ఉంచాను. 5 డిగ్రీలప్పుడు 35 గీతలుండేవి, ఇప్పుడు ఏడు. ఏడింటితోనే ఇత్తడి లేచి నిలబడింది. తెల్లగా వదిలిన చోటే ఎక్కువ పని చేస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పైనున్న బోర్లించిన గిన్నెలాంటి మూతకి నిటారు గీతలు పనికిరావు. కుడి అంచు వంపునే తీసుకుని లోపలికి ఇంటర్‌పొలేట్ చేశాను. అక్కడ ఎక్స్‌పోనెంట్ అనే అంకె సున్నా అయితే ఎడం సమానం, దాన్ని మారిస్తే గీతలు ఒక వైపుకి దగ్గరపడతాయి. స్టైల్ కూడా ఇంటర్‌పొలేట్ చెయ్యమంటే అంచు దగ్గర 0.35 మందంతో మొదలై లోపలికి 0.15కి సన్నబడ్డాయి.

నాజిల్ దగ్గర ఇంకో చిక్కు. అది శంఖువు ఆకారం కాబట్టి గీతలన్నీ మొన వైపుకే పోతాయి, అక్కడ ముద్దయిపోతాయి. ఒక గీత వదిలి ఒకటి సగంలోనే ఆపేశాను. మూడింట రెండు వంతులకి తగ్గించి ప్రింటు తీస్తే మొన శుభ్రంగా కనిపించింది. ఆ ప్రింటే తమ్ముడికి పంపాను. ఈసారి తిరిగి రాలేదు.