ఎవరికి ఎవరు బాకీ

భూటాన్‌లో పునాత్సాంగ్‌ఛూ నది ఒడ్డున, మన దేశం డబ్బుతో కడుతున్న జల విద్యుత్ ప్రాజెక్టులో, మా స్టోర్స్ కార్యాలయంలో నెలాఖరు లెక్కలు సరిచూస్తున్నప్పుడు సిమెంటు పద్దుల దగ్గర తేడా వచ్చి మాట పెరిగింది. మా వైపు బిల్లింగు చూసే పెద్దాయన ఒకరు విసుగులో, "మా దేశం డబ్బు పెట్టకపోతే ఈ కొండల్లో ఇవాళ దీపం ఉండేదా?" అని హిందీలో అనేశారు. ఎదురుగా కూర్చున్న భూటాన్ ఆర్థిక విభాగపు అధికారిణి వెంటనే తల ఎత్తలేదు. పట్టికలో చివరి వరుస దాకా టిక్కులు పెట్టుకుంటూ వెళ్ళి, కలానికి మూత పెట్టి, గొంతు పెంచకుండా ఇలా అన్నారు: "మీరు పెట్టిన పది రూపాయల్లో ఏడు మేము వడ్డీతో సహా తీర్చవలసినవే సర్. నది మాది, కొండ మాది, ప్రాజెక్టుకు పోయిన భూమి మాది. మిగిలిన కరెంటు వచ్చేది మీ దేశానికి. దయచేసి ఇంకెప్పుడూ అలా అనకండి." ఆ తరువాత మళ్ళీ సిమెంటు లెక్కలోకి వెళ్ళిపోయారు.

మాట పడింది ఆ పెద్దాయనే అయినా, బల్లకు ఆయన వైపున కూర్చున్నవాడిని కాబట్టి నాకూ పడ్డట్టే అనిపించింది. మొదట కలిగింది కోపమే. ఇంత సాయం చేసిన దేశాన్ని పట్టుకుని ఆమె అలా వడ్డీ లెక్క చెప్పవలసిన అవసరం ఏమొచ్చిందని క్యాంపుకు నడుస్తూ అనుకున్నాను. ప్రాజెక్టు ఉన్న వాంగ్‌దూలో మధ్యాహ్నం దాటితే లోయలో గాలి మనిషిని తోసుకుపోతుంది. ఆ గాలిలో మాట్లాడుకోవడం కుదరదు కనుక దారి పొడుగునా నాలో నేనే వాదించుకున్నాను. సంక్రాంతికి ఇంటికి వచ్చి, ఇప్పుడు ఒడిశాలోని మా జయపురంలో కూర్చుని ఇది రాస్తున్నా, ఆ వాదన ఇంకా తెగలేదు.

ఆమె చెప్పిన లెక్క నిజమే. భూటాన్‌లో మన దేశం కట్టిన మొదటి పెద్ద జల విద్యుత్ కేంద్రం ఛుఖా, 336 మెగావాట్లు. దాని ఖర్చులో 60 శాతం గ్రాంటు, 40 శాతం 5 శాతం వడ్డీ మీద అప్పు. 1020 మెగావాట్ల తాలాకు కూడా అదే నిష్పత్తి, వడ్డీ మాత్రం 9 శాతం. పునాత్సాంగ్‌ఛూ మొదటి ప్రాజెక్టుకు వచ్చేసరికి గ్రాంటు 40 శాతానికి తగ్గింది. నేను పనిచేసిన రెండో ప్రాజెక్టుకూ, 720 మెగావాట్ల మాంగ్‌దేఛూకూ 30 శాతమే గ్రాంటు, తక్కిన 70 శాతం 10 శాతం వడ్డీకి తీసుకున్న అప్పు. మనవాళ్ళు ఇప్పటికీ ఛుఖా నాటి ఉదారతను తలచుకుంటూ మాట్లాడతారు. వాళ్ళు నేటి వడ్డీని కట్టుకుంటూ జవాబు చెబుతారు.

అయితే మన వైపున చెప్పవలసింది కూడా ఉంది, దాన్ని నేను వదులుకోను. సముద్రమే లేని, చుట్టూ రెండు మహా దేశాలున్న ఆ చిన్న రాజ్యానికి 1961లో మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలైనప్పుడు డబ్బు పెట్టినది మనమే. మొదటి రెండు ప్రణాళికలకూ పూర్తి ఖర్చు మనదే. అదే 1961లో మన సరిహద్దు రహదారుల సంస్థ దంతక్ పేరుతో అక్కడికి వెళ్ళి కొండలను తొలిచి రోడ్లు వేసింది. ఫుంత్‌షోలింగ్ నుంచి థింఫూ దాకా పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని కిందికి చూసినవాడికి, ఆ రోడ్డు వేయడానికి ఎంతమంది చెమట, ఎంతమంది ప్రాణం పోయి ఉంటాయో ఎవరూ చెప్పనక్కరలేదు. మొన్న 2024లో కూడా వాళ్ళ పదమూడో ప్రణాళికకు పది వేల కోట్ల రూపాయల సాయం ప్రకటించాం. పైగా, కరెంటు తయారు చేయడం ఒక ఎత్తు, కొనేవాడు దొరకడం మరొక ఎత్తు. మిగులు కరెంటంతా కొనడానికి పక్కనే ఇంత పెద్ద దేశం సిద్ధంగా ఉండబట్టే ఆ అప్పు తీరే దారి ఏర్పడింది. చలికాలంలో నదులు సన్నబడి వాళ్ళ టర్బైన్లు పూర్తిగా తిరగనప్పుడు, కరెంటు మన వైపు నుంచే వాళ్ళకు వెళుతుంది. ఇవన్నీ ఆమెకు తెలియనివి కావు. తెలిసే ఆ మాట అన్నారంటే, ఆమె అభ్యంతరం డబ్బు గురించి కాదని నాకు అర్థం కావడానికి కొంతకాలం పట్టింది.

అర్థమైనది కూడా భూటాన్‌లో కాదు, మా ఊళ్ళోనే. మా నాన్నగారు మాచ్‌ఖండ్ పవర్‌హౌస్‌లో ఉద్యోగం చేశారు. మా చిన్నతనమంతా కొరాపుట్ జిల్లా ఒనకడిల్లీ కాలనీలోనే గడిచింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, గురువారం సంతలో బోండా, గదబ జనం మాటలు. డుడుమ జలపాతం పక్కన లోయ అడుగున ఉన్న ఆ పవర్‌హౌస్‌కు ఉద్యోగులు ఇనుప పట్టాల మీద వించ్ ఎక్కి దిగేవారు. నాన్నగారు డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఆ పెట్టె కిందికి జారిపోతుంటే తాడు చప్పుడు మా వరండా దాకా వినిపించేది. 1955లో ప్రారంభమైన ఆ కేంద్రం నది రెండు రాష్ట్రాలదీ కనుక మొదట్లో వాటా డెబ్భై, ముప్ఫై అని రాసుకున్నారు: డెబ్భై ఆంధ్రకు, ముప్ఫై ఒడిశాకు. తీగలు ఘాట్లు దాటి విశాఖపట్నం వైపు వెళ్ళిపోయాయి. మా కాలనీలో ట్యూబ్‌లైట్లు వెలుగుతుంటే జలాపుట్ డ్యాము నీళ్ళకు ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ గుడిసెల్లో కిరసనాయిలు దీపాలుండేవని నాన్నగారే చెప్పేవారు. ఒడియా మాస్టారు ఒకరు తరగతిలో, "కరెంటు మీవాళ్ళకు, కొండ మాకు" అని తెలుగు పిల్లల వైపు చూసి అనేవారు. మేము ఇంటికొచ్చి ఫిర్యాదు చేస్తే మా అమ్మ, "మనవాళ్ళు రాకపోతే ఈ అడవిలో బడి ఉండేదా, ఆసుపత్రి ఉండేదా" అనేది. బిల్లింగు పెద్దాయన అన్నదీ అదే వాక్యం. భూటాన్ అధికారిణి చెప్పినది మా ఒడియా మాస్టారి జవాబే, కాస్త మర్యాద ఎక్కువ, అంతే.

మా అమ్మ మాట అబద్ధమని ఇప్పటికీ అనలేను. బడి, ఆసుపత్రి, రోడ్డు వచ్చిన మాట నిజం. కాని ఇచ్చినవాడు ఇచ్చిన సంగతిని పుచ్చుకున్నవాడి గుమ్మంలో నిలబడి చెప్పకూడదు. పుచ్చుకున్నవాడు కూడా ఏదో ఇచ్చాడు, అది రసీదు పుస్తకంలోకి ఎక్కలేదు. నది ఎక్కలేదు, కొండ ఎక్కలేదు, ఇల్లు కదిలించుకుని పక్కకు జరిగిన కుటుంబం ఎక్కలేదు. సరిహద్దు జిల్లాల్లో పెరిగిన మాకు ఈ సంగతి రెండు వైపుల నుంచీ తెలుసు. ఒడిశాలో మేము తక్కువమందిమి, మాచ్‌ఖండ్ కాలనీలో మేమే ఎక్కువవాళ్ళం.

భూటాన్‌వాళ్ళలో నేను మెచ్చుకునేది ఇదే: తమ దేశం చిన్నదని వాళ్ళు ఎక్కడా చిన్నబోరు. 1949 నాటి స్నేహ ఒప్పందంలో విదేశీ వ్యవహారాలలో భారత్ సలహా ప్రకారం నడుచుకుంటామన్న షరతు ఉండేది. 2007లో దాన్ని తిరగరాసి, ఇరు దేశాల ప్రయోజనాల విషయంలో సన్నిహితంగా సహకరించుకుంటామని మార్చుకున్నారు. అందుకోసం వీధుల్లో నినాదాలు లేవు, రాళ్ళు లేవు. ఓపికగా అడిగారు, మనమూ ఒప్పుకున్నాం. ఒప్పుకోవడం మన గొప్పతనమే, దాన్నీ చెప్పుకోవాలి. 1958లో నెహ్రూ గారు సిక్కిం మీదుగా నాథూలా దాటి, చుంబీ లోయలో గుర్రాల మీద ప్రయాణం చేసి పారో వెళ్ళారు. రోడ్డు లేని దేశానికి అంత కష్టపడి వెళ్ళి ఆయన చెప్పినది, ఆ దేశం స్వతంత్రంగా ఉండి తనకు నచ్చిన దారిలో నడవాలనే. ఆ మాట అక్కడి చదువుకున్నవాళ్ళకు బాగా గుర్తు. మన క్యాంపులో గుర్తున్నవాళ్ళు నాకు కనబడలేదు.

వాళ్ళకు గుర్తున్నది మరొకటి కూడా ఉంది. 2013 జూలైలో, వాళ్ళ ఎన్నికల ముందు, వంట గ్యాసు మీదా కిరసనాయిలు మీదా మన దేశం ఇచ్చే రాయితీ ఆగిపోయింది. బండ ధర ఒక్కసారిగా పెరిగింది. కొద్ది రోజులకే మళ్ళీ ఇచ్చారు. మనకు అది పేపరులో ఒక చిన్న వార్త. బాజోలో నాకు గది అద్దెకిచ్చిన ఇంటావిడ మాత్రం, ఆ నెల కట్టెల పొయ్యి మీద ఎలా వండిందో చెబుతూ, పచ్చి వక్కకు సున్నం రాసి తమలపాకులో చుట్టి నా చేతిలో పెట్టింది. చెప్పినదానిలో నిష్ఠూరం ఉంది, చేతిలో పెట్టినదానిలో లేదు. అదే ఇంటావిడ 2021 జనవరిలో మన దగ్గర నుంచి లక్షన్నర కోవిడ్ టీకా డోసులు అందరికంటే ముందు తమ దేశానికి వచ్చాయన్న సంగతిని కూడా మరచిపోకుండా చెబుతుంది. మంచీ చెడూ రెండూ ఒకే గొంతుతో చెప్పే ఆ పద్ధతి నాకు చాలాకాలం కొరుకుడు పడలేదు. మన దగ్గర ఉపకారం చేసినవాడి ముందు అపకారం ఎత్తరు.

ఇంత దగ్గరితనం మరే రెండు దేశాల మధ్యా నేను వినలేదు. విజయనగరంలో గౌహతి బండి ఎక్కి న్యూ అలీపుర్‌దువార్‌లో దిగి, బస్సులో జైగావ్ చేరితే, అవతలి వీధి ఫుంత్‌షోలింగ్. వీసా లేదు. ఓటరు కార్డు చాలు. 1974 నుంచి వాళ్ళకు ఙుల్‌ట్రమ్ అనే సొంత డబ్బు ఉన్నా, అది మన రూపాయికి సరిసమానం, దుకాణాల్లో మన నోటు చెల్లుతుంది. మా దగ్గరి భూటాన్ ఇంజనీరు ఒకాయన కోయంబత్తూరులో చదివి వచ్చారు. చలికాలం ఉదయాన్నే సాంబారు గుర్తు చేసుకుని నన్ను చంపేవారు. ఇంత దగ్గరితనంలో మాట తూలడం కూడా సులభమే, ఎందుకంటే పరాయి దేశంలో ఉన్నామన్న జాగ్రత్త మనకు ఉండదు. దుబాయిలో మనవాడు ఎవడైనా అరబ్బు గుమాస్తా ముందు ఆ బిల్లింగు పెద్దాయనలా మాట్లాడగలడా? ఇక్కడ మాట్లాడగలిగాడంటే అది చనువే. కాని ఆ చనువు ఒక వైపు నుంచే నడుస్తోంది.

నాకు ఇంకా మింగుడు పడని సంగతి మరొకటి ఉంది. ఇరు దేశాల లెక్కల్లోనూ గ్రాంటు ఉంటుంది, అప్పు ఉంటుంది, మెగావాట్లు ఉంటాయి, యూనిట్ ధర ఉంటుంది. సొరంగంలో షట్టరింగు కొట్టినవాడు, రాడ్లు వంచినవాడు ఏ పద్దు కింద ఉన్నారు? మా కొరాపుట్, రాయగడ నుంచీ, అవతల శ్రీకాకుళం నుంచీ వెళ్ళిన కుర్రవాళ్ళు అక్కడ ఎందరో. 2020 మార్చిలో సరిహద్దు గేటు మూస్తే మళ్ళీ తెరిచినది 2022 సెప్టెంబరులో. ఆ మధ్యలో ఇంటికి వచ్చినవాడు తిరిగి పనికి వెళ్ళాలంటే క్వారంటైన్. అక్కడ ఉండిపోయినవాడికి తండ్రి పోయినా రావడం గగనమే. మా కాంట్రాక్టరు ఆ రోజుల్లో కొందరికి మూడు నెలల జీతం ఆపేశాడు. అడగడానికి రాయబార కార్యాలయానికి ఉత్తరం రాసినవాడు కూడా లేడు, రాయడం రాక. స్నేహం గురించి ఇద్దరు ప్రధానులు మాట్లాడినప్పుడు, ఆ స్నేహానికి గోడలు కట్టినవాళ్ళ పేరు కూడా ఒక వాక్యంలో ఉంటే బాగుంటుందని నా కోరిక.

2025 నవంబరు 11న పునాత్సాంగ్‌ఛూ రెండో ప్రాజెక్టును మన ప్రధానీ, భూటాన్ రాజుగారూ కలిసి ప్రారంభించారు. ఆ 1020 మెగావాట్లలో నేను లెక్క రాసిన సిమెంటు బస్తాలున్నాయి. అదే పర్యటనలో 1200 మెగావాట్ల మొదటి ప్రాజెక్టు ప్రధాన డ్యాము పని మళ్ళీ మొదలుపెట్టడానికి ఒక అవగాహనకు వచ్చారు. 2013లో కుడి గట్టు కొండ జారడంతో మొదలైన చిక్కుల వల్ల వెనకబడిన పని అది. కాబట్టి మళ్ళీ మనుషులు కావాలి. జయపురంలో కుర్రవాళ్ళు ఇప్పటికే వచ్చి అడుగుతున్నారు.

వాళ్ళకు నేను చెబుతున్నది ముందు కాగితాల సంగతి. పర్మిట్ చేయించవలసినది కాంట్రాక్టరు, వైద్య పరీక్ష కూడా అతని పూచీ. రోజు కూలి, ఓవర్‌టైము రెండూ రాసి ఇచ్చేదాకా జైగావ్‌లోనే ఉండండి, గేటు దాటకండి. పని విడిచిపెట్టి వచ్చేటప్పుడు బకాయి రాయించుకుని సంతకం తీసుకోండి. వెల్డింగు తెలిసిన ఇద్దరు వచ్చే నెలలో బయలుదేరాలని ఉన్నారు. చిక్కంతా వాళ్ళ ఇంటిపేర్ల దగ్గర వచ్చింది. ఒడియాలో ఒకలా, ఇంగ్లీషులో మరొకలా పడి, ఓటరు కార్డుకూ ఆధార్‌కూ పొంతన లేకుండా పోయింది. ఆ సవరణ కోసమే సోమవారం నుంచి తహసీల్ కార్యాలయం చుట్టూ తిరుగుతున్నాం.